దూది చుట్టిన పుల్ల

మా వంటింటి కిటికీ అవతల ఏసీ మిషను పెట్టె ఒకటి ఉంది. దాని మీద కాపురం పెట్టిన పావురాల జంట సంగతి చెప్పాలంటే ముందు అక్కడ పేరుకున్న రెట్ట సంగతి చెప్పాలి. తెల్లగా, పచ్చగా, నల్లగా ఎండి పెచ్చులు కట్టి, దాని మీద మళ్లీ తడిగా, అందులో అతుక్కుపోయిన రెండు ఈకలూ, నాలుగు చీపురు పుల్లలూ, పగిలిన గుడ్డు పెంకూ. పొద్దున కాఫీ కలుపుకుందామని కిటికీ తెరిస్తే ముందు వాసన లోపలికి వస్తుంది, ఆ తర్వాతే వెలుతురు. నేను రిటైరైన సైన్సు టీచర్ని. పక్షులు మనకు చేసే మేలు గురించి ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. ఆ పాఠం రాసినవాళ్ల వంటింటి దగ్గర పావురాలు లేవని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం కుదిరింది.

పావురాలు రాకుండా కిటికీకి వల కట్టే మనిషికి ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు. ఇవాళ పొద్దున, ఇదే ఆఖరి రోజని తెలిసినట్టు, ఆ జంట నా కళ్లెదుటే సరసం మొదలుపెట్టింది. ఆడది తల వంచి మెడ చాపి నిలబడింది. మగది దాని మెడ ఈకల్లోకి ముక్కు దూర్చి ఒక్కొక్క ఈకనే పట్టుకుని, మొదలు నుంచి కొస దాకా నములుతున్నట్టు లాగుతోంది. ఆడది కళ్లు మూసుకుంది. పావురం కన్ను మూస్తే కింది రెప్ప పైకి లేస్తుంది. అది చూస్తేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కాసేపటికి మగది నోరు తెరిచింది, ఆడది తన ముక్కు మొత్తం దాని గొంతులోకి దించింది. నేను కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, వీపు గోక్కునే ప్లాస్టిక్ చెయ్యి తీసుకుని కిటికీ ఊచల మీద టకటకా కొట్టాను. ఆ చెయ్యి పోయినేడు ఎగ్జిబిషన్‌లో మా అమ్మాయి కొనిచ్చింది. అవి ఎగిరి ఎదురింటి సన్‌షేడ్ మీద వాలి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాయి.

అవి ఏం చేస్తున్నాయో నాకు తెలుసు. నేను చెప్పిన సైన్సు పుస్తకాల్లో అది లేదు. మా చిన్నాయన చెప్పాడు, చేతిలో సూది పట్టుకుని, సరిగ్గా నేను అన్నం తినేటప్పుడు.

మాది పరుపులు కుట్టే ఇల్లు. మా తాతా, ఆయన నాయనా దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగినవాళ్లు. మసీదుకు పోయే ఇళ్లే అయినా మా వాళ్లలో ఎవరికీ ఉర్దూ రాదు. పెళ్లిలో కాజీ గారు ఏం చదివినా తలూపడమే మా వంతు. మా నాయన ఆ పని వదిలిపెట్టి ఒక ఆఫీసులో బంట్రోతుగా చేరి నన్ను చదివించాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన మాత్రం కృష్ణపట్నం పోయే దారిలో ఒక ఊళ్లో ఆ విల్లును పట్టుకుని చాలా ఏళ్లు వేలాడాడు. ఫోము పరుపుల కొట్లు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు. విల్లు గోడకు తగిలించి, పోర్టు దగ్గర ఒక కంపెనీ గేటు ముందు నిలబడే ఉద్యోగంలో చేరాడు. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే మధ్యాహ్నం మూడింటికి దిగేవాడు. దిగాక పావురాలు, ఆ తర్వాత దిండ్లు. బూరుగుదూది దిండు లేకపోతే నిద్ర పట్టని పాత మనుషులు ఒకరిద్దరు ఆయనకు ఇంకా మిగిలి ఉన్నారు.

పదిహేనేళ్ల కిందట నన్ను ఆ ఊరి పక్క హైస్కూలుకు బదిలీ చేశారు. మా ఆయనకు ఉద్యోగం కావలిలో, మా అమ్మాయి చదువూ అక్కడే. రోజూ తిరగలేక వారమంతా చిన్నాయన ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం కావలికి పోయేదాన్ని. నాకు అసహ్యం కాస్త ఎక్కువని ఇక్కడే చెప్పేస్తాను. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే నాకు రోత. తడి నేల మీద వెంట్రుక కనిపిస్తే ఆ పూట అన్నం దిగదు. పెళ్లిళ్లలో పక్కవాళ్లు వేలు నాకుతుంటే నేను లేచి చెయ్యి కడుక్కుంటాను. చిన్నాయన దీన్ని వేళాకోళం చేసేవాడు. "మా పాపకు దేవుడు ముక్కు ఇచ్చేటప్పుడు కొలత తప్పినాడు," అనేవాడు ఇంటికొచ్చిన వాళ్లతో. కొలత తప్పిన ఆ ముక్కుతో నేను ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి మిద్దె మీద మూడు జతల పావురాలున్నాయి.

బట్టలారేసే తీగ కూడా మిద్దె మీదే ఉండేది కాబట్టి నాకు వాటి దర్శనం తప్పేది కాదు. పాత చెక్కపెట్టెలతో కట్టిన గూళ్లు, గూళ్ల కింద రెట్ట, రెట్ట మీద ఈగలు. పావురం రెక్క విదిలిస్తే తెల్లటి పొడి లేచి నా తడి జాకెట్ల మీద పడేది. నేను ముక్కుకు కొంగు కట్టుకుని పోయి, ఊపిరి బిగబట్టి బట్టలు తీసుకుని వచ్చేదాన్ని. ఒక రోజు వరండాలో కూర్చుని అన్నం తింటూ, అవి నోట్లో నోరు పెట్టుకోవడం ఏం రోగమని అడగడం నా తప్పే. చిన్నాయన దిండు కుడుతున్నవాడల్లా సూది ఆపాడు.

"మగది తిన్న గింజలు గొంతులో నానబెట్టుకుని దాని నోటికి అందిస్తాది పాపా. ఆడది వచ్చి అడగాల. అడగందే పెట్టదు."

"చిన్నాయనా, నేను అన్నం తింటా ఉన్నాను."

"అదీ అన్నమే గదా."

నేను కంచం తీసుకుపోయి గోడవతల పారబోశాను. ఆయనకు అది కూడా నవ్వులాటే. నేను చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఆగి, మిగతాది పూర్తి చేశాడు. ముందు మెడ దువ్వుకోవడం, తర్వాత ఈ నోటికందించడం, ఆ తర్వాతే సంసారమట. "ఈకంటే మన జుట్టు మాదిరి అనుకోబాక. కొసన గాలి తగిలినా మొదట్లో దానికి తెలిసిపోతాది. అందుకే చూడు, ఎంత నిమ్మళంగా పట్టుకుంటాదో. గట్టిగా లాగితే జత చెడిపోతాది," అన్నాడు. మనుషుల కాపురాల గురించి ఆయన ఇంత వివరంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇక చిన్నమ్మ. చిన్నాయన భార్య. ఆమెకు సోరియాసిస్. మోచేతులూ మోకాళ్లూ కొంచెం, వీపు చాలా. ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. ఆమె కూర్చుని లేచిన చోట చాప మీద సన్నటి తెల్ల పొట్టు మిగిలేది. పరుపుల ఇల్లు కాబట్టి నేలంతా ఎటూ దూది నలుసులుండేవి. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి చాప వైపు అనుమానంగా చూస్తే, "మా ఇంట్లో తెల్లగా ఏం కనపడినా దూదే," అని చిన్నాయన చేత్తో ఊడ్చేసేవాడు. ఆమె చెయ్యి పడిన పరుపు మాకొద్దన్న గిరాకీలు కూడా ఉన్నారని ఆ వీధిలో అందరికీ తెలుసు. అది అంటుకునే జబ్బు కాదని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. చర్మం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు నేనే చెప్పాను, అంటుకోదని, అలాంటివాళ్లను దూరం పెట్టకూడదని. బోర్డు మీద రాసి కూడా చూపించాను.

జూలైలో ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలేశారు. మబ్బు పట్టిందని బట్టల కోసం మిద్దె ఎక్కాను. తాటాకు తడిక చాటున చిన్నమ్మ పీట మీద కూర్చుని ఉంది, చీర ముందుకు చుట్టుకుని, వీపు మాత్రం వదిలేసి. వెనకాల చిన్నాయన. పక్కన గిన్నెలో వేపాకు వేసి కాచిన కొబ్బరినూనె. ముందు అరచేత్తో నూనె పట్టించి, నానిన పొలుసులను వేలి కొసలతో ఒక్కొక్కటే ఎత్తి ఒక గుడ్డ మీద వేస్తున్నాడు. ఆయన పోర్టు నుంచి వచ్చి స్నానం చేశాక రోజూ చేసే పని ఇదేనని నాకు అప్పటిదాకా తెలియదు. చిన్నమ్మ తల ముందుకు వాల్చి కళ్లు మూసుకుంది. పిట్టగోడ మీద ఒక పావురాల జత, వీళ్లనే చూసి నేర్చుకున్నట్టు, అదే పనిలో ఉంది. బట్టలు తియ్యకుండానే దిగొచ్చేశాను. అరగంటలో వాన పడి నా చీరలన్నీ తడిశాయి, రెండు రోజులు ముక్కిన వాసన కొట్టాయి.

ఆ రోజు నుంచి నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. దుప్పటి నేనే ఉతుక్కున్నాను. పైకి ఏమీ అనలేదు; చదువుకున్నదాన్ని కదా, అసహ్యాన్ని కూడా మర్యాదగా చూపించడం తెలుసు. చిన్నమ్మకు వారంలోపే అర్థమైపోయింది. అంతకుముందు అన్నం నా కంచంలో తనే వడ్డించేది. తర్వాత గిన్నె నా ముందుకు జరిపి, గరిటె కాడ నా వైపు తిప్పి పెట్టి లోపలికి పోయేది. నాకు హాయిగా అనిపించింది. సిగ్గనిపించలేదు, హాయిగానే అనిపించింది.

అక్టోబరు వానల్లో చిన్నాయన కంపెనీ బస్సు దిగుతూ మెట్టు మీద జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, నెల దాటి ఉండాలన్నారు. వాళ్లకు పిల్లల్లేరు. చిన్నమ్మే దగ్గరుంటానని సంచి సర్దుకుని పోయింది. మర్నాడు సాయంత్రానికి అదే సంచితో తిరిగొచ్చింది. పక్క మంచం వాళ్లు ఆమె చేతులు చూసి మంచం అవతలికి లాక్కున్నారట, ఇంకో చోటు చూసుకోమని నర్సుతో తగువు పడ్డారట. మా నాయన పోయి తమ్ముడి దగ్గర కూర్చున్నాడు. ఇంట్లో చిన్నమ్మా నేనూ మిగిలాం; ఆ వానలకు నేను శనివారాలు కూడా కావలికి పోలేదు.

తడి చలికి ఆమె వీపు ఎక్కువైంది. నాలుగు రోజులు వంటింటి గుమ్మానికి వీపు ఆనించి, నేను చూడటం లేదనుకున్నప్పుడు అటూ ఇటూ రుద్దుకునేది. ద్వారబంధం మీద జిడ్డు మరక పడింది. గేదె చెట్టుకు రాసుకున్నట్టుందని అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, రోతతో. నేను లోపలికీ బయటికీ పోయేటప్పుడు ఆ మరక నా భుజానికి తగలకుండా పక్కకు ఒదిగి నడిచేదాన్ని. అయిదో రోజు నేను బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, నా వైపు చూడకుండా అడిగింది.

"పాపా, వీపు మండతా ఉండాది. నాకు అందదు. కొంచిం నూనె రాస్తావా?"

కాదనలేదు నేను. ఒక్క నిమిషం ఆగమని చెప్పి పుల్ల చేశాను. ఆ పుల్ల గురించి చెప్పాలి. మూరెడు పైన వెదురు పుల్ల తీసుకుని, గణుపులు చెక్కి నున్నగా చేశాను. బస్తాలోంచి మంచి బూరుగుదూది గుప్పెడు తీసి, నలుసు లేకుండా వేళ్లతో ఏరి, మా తాత చేసినట్టు పొరలు పొరలుగా విప్పి, పుల్ల కొసకు పొర మీద పొర చుట్టాను. పరుపు దారంతో, పరుపు మూలకు వేసే ముడి వేసి బిగించాను. పుట్టుకతో వచ్చిన పనితనం ఎక్కడికి పోతుంది? అంత మెత్తగా, అంత గట్టిగా చుట్టిన పుల్ల ఆ ఇంట్లో కూడా ఎవరూ చూసి ఉండరు. నాకు గర్వంగా కూడా ఉండింది. దాన్ని నూనెలో ముంచి, ఆమె వెనకాల నా చెయ్యీ పుల్లా కలిపినంత దూరంలో నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని రాశాను.

"అది ఏంది పాపా?"

"దూదే చిన్నమ్మా. చేతికన్నా మెత్తగా ఉంటుంది."

"మెత్తగానే ఉండాది," అంది ఆమె.

అయిదు రోజులు అలా రాశాను. ఆరో రోజు నూనె గిన్నె తియ్యబోతే, "ఇంక వద్దులే పాపా, తగ్గింది," అంది. నా ప్రాణం లేచొచ్చింది. పుల్లను గోడకున్న విల్లు వెనకాల దోపాను. మర్నాడు పొద్దున తీగ మీద ఆమె ఉతికి ఆరేసుకున్న తెల్ల జాకెట్ వీపున రక్తం మరకలు కనిపించాయి. ఉతికినా పోలేదు. నేను వాటిని చూశాను, నా బట్టలు తీసుకుని దిగాను. బడికి టైమైందని నాకు నేనే చెప్పుకున్నాను.

అదే నెలలో ఒక డేగ వచ్చి మగ పావురాన్నొకదాన్ని తన్నుకుపోయింది. పట్టించుకునే తీరిక నాకు లేదు. అయిదు పావురాలంటే ఆరింటి కన్నా తక్కువ రెట్ట అనుకున్నానంతే. ఒక ఆదివారం వాన తెరిపిచ్చింది. కాస్త ఎండ పొడిస్తే మిద్దె ఎక్కాను. చిన్నమ్మ ఒళ్లో ఆ ఒంటరి ఆడపావురం ఉంది. దాని తల చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. నెత్తి మీద, మెడ చుట్టూ, చెంపల మీద సన్నటి తెల్లటి ముళ్లు లేచి ఉన్నాయి. ఈకల్లా లేవు, ఏదో పుట్టి పగిలినట్టున్నాయి. చిన్నమ్మ వాటిని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నలుపుతోంది. తెల్లటి పొట్టు రాలి ఆమె చీర మీద పడుతోంది.

"దాన్ని ముట్టుకోబాక చిన్నమ్మా. నీ రోగమే దానికీ అంటుకున్నట్టుంది," అన్నాను.

సైన్సు టీచర్ని. బోర్డు మీద రాసినదాన్ని. నోట్లోంచి వచ్చింది మాత్రం అదే. చిన్నమ్మ కోప్పడలేదు, నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. పిల్లలు ఎక్కం తప్పు చెబితే నేను ఎలా చూస్తానో అలా చూసింది.

"రోగం కాదు పాపా. దీనికి జత లేదు." పావురం తల కొంచెం తిప్పి నాకు చూపించింది. "కొత్త ఈక వచ్చేటప్పుడు పైన తొడుగు మాదిరి ఉంటాది. అది ఊడిందాకా ఒకటే దురద. ఒంటి మీదవి దాని ముక్కుతో అదే తీసుకుంటాది. తలా మెడా దానికి అందవు గదా. మగది ఉంటే నమిలి తీసేసేది."

"మిగతావి ఉన్నాయి కదా?"

"అవి వాటి వాటి జతకే చేస్తాయి." ఇంకో ముల్లు పట్టుకుని, నలపకుండా వదిలేసింది. "ఇది పచ్చిది. దీన్ని నలిపితే రక్తం వస్తాది, నొప్పి. ఎండిందా లేదా వేలితో పట్టుకుంటేనే తెలుస్తాది."

పావురం కళ్లు మూసుకుంది, ఆ కింది రెప్పను పైకి లేపి. మెడ ఇంకా ఇంకా చాపి ఆమె వేళ్ల కిందికి తోసుకుంటోంది. ఒక చోట అయిపోతే తలతిప్పి ఇంకో చోటు ఇస్తోంది. నాకు జాకెట్ మీది మరకలు గుర్తొచ్చాయి. అయిదు రోజులు పచ్చి పొలుసేదో, నానిన పొలుసేదో తెలియకుండా, ముఖం తిప్పుకుని, అన్నిటి మీదా ఒకే తీరున పుల్ల లాగాను. అక్కడే, ఆ రెట్ట కంపులో నిలబడి, మొదటిసారి నా మీద నాకు రోత పుట్టింది. అది అంతకు ముందు పడ్డ అసహ్యాలన్నిటికన్నా చెడ్డగా ఉండింది, ఎందుకంటే లేచిపోయి కడుక్కునే వీలు లేదు.

ఆ సాయంత్రం నూనె వెచ్చబెట్టుకుని పీట తీసుకుని మిద్దె మీదికి పోయాను. చిన్నమ్మ నా చేతుల వైపు చూసింది. "పుల్ల యాడ?" అంది. విరిగిపోయిందన్నాను. ఆమె నా వైపు వీపు తిప్పి పీట మీద కూర్చుంది.

ఇక్కడ నా అసహ్యం ఆ క్షణాన మాయమైపోయిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. పోలేదు. వీపు వెచ్చగా, గరుగ్గా, కొన్నిచోట్ల చెమ్మగా ఉంది. నోటితో ఊపిరి తీసుకున్నాను. నానిన పొలుసు వేలి కింద కదిలితే నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. కాసేపటికి చిన్నమ్మ భుజాలు కిందికి దిగాయి. తల వంచింది, మెడ చాపింది. నాకు పావురం గుర్తొచ్చి రోత ఇంకాస్త పెరిగింది. అయినా చెయ్యి తియ్యలేదు. ఎక్కడ ఎండిందో ఎక్కడ పచ్చిగా ఉందో వేలికి నిజంగానే తెలిసింది. అయిపోయాక గిన్నె తీసుకుని మెట్లు దిగీ దిగగానే పెరట్లో కుళాయి తిప్పాను. సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్దాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. నీళ్లు బకెట్లో పడే చప్పుడు మిద్దె మీదికి వినపడుతుందని నాకు తట్టలేదు, తలెత్తి పిట్టగోడ దగ్గర ఆమె ముఖం చూసేదాకా.

"చన్నీళ్లకి జిడ్డు పోదు పాపా," అంది పైనుంచి. "పొయ్యి మీద నీకు ఉడుకునీళ్లు పెట్టి వచ్చినా. పోసుకో."

నేను నూనె దించి పీట వెతుక్కునేలోపే ఆమె ఆ నీళ్లు పొయ్యి మీద పెట్టి పైకి పోయి ఉంది. ఆ తర్వాత చిన్నాయన వచ్చేదాకా నేను రోజూ రాశాను. రోజూ పొయ్యి మీద ఉడుకునీళ్లు సిద్ధంగా ఉండేవి. రోజూ పోసుకున్నాను.

చిన్నాయన చేతికర్రతో ఇంటికొచ్చాడు. మెట్లెక్కలేడు కాబట్టి వరండాలోనే తడిక కట్టించుకున్నాడు. మూడైతే చాలు, "ఏమ్మే, పీట యాడ?" అని కేకేసేవాడు, పోర్టు నుంచి అప్పుడే బస్సు దిగినట్టు. చిన్నమ్మ పీట తెచ్చుకుని ఆయన ముందు వీపు తిప్పి కూర్చునేది. వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, ఊరికే కూర్చోలేక, దుమ్ము దులుపుదామని గోడ మీది విల్లు దించాడు. వెనకాల నుంచి పుల్ల జారి పడింది. నేను అక్కడే పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. చిన్నమ్మ చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. విరిగిపోయిందన్న పుల్ల నిక్షేపంగా మా ముగ్గురి మధ్యా పడి ఉంది.

ఆయన దాన్ని తీసుకుని దూదిని బొటనవేలితో నొక్కి చూశాడు. ముడిని వెలుతురుకు తిప్పి చూశాడు. కొసన ఎండిపోయిన నూనె వాసన చూశాడు. ఎందుకు చేశారని అడగలేదు.

"ఎవురు చుట్టినారు దీన్ని?"

"నేనే చిన్నాయనా."

"బాగా చుట్టినావు పాపా. ముడి మా నాయన వేసినట్టే ఉండాది."

చిన్నమ్మ బియ్యంలోంచి తలెత్తలేదు. తిట్టి ఉంటే నేను ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి సర్దిచెప్పుకునేదాన్ని. పనితనం మెచ్చుకున్న మనిషికి ఏం జవాబు చెబుతాం? పక్క వారం ఆ పుల్ల మిద్దె మీద కనపడింది. పావురాల గూళ్ల మూలల్లో రెట్ట తుడవడానికి దానికి మించింది లేదని చిన్నాయన చిన్నమ్మకు చెప్పాడట. వేసవి సెలవుల్లో నాకు కావలికే బదిలీ వచ్చింది. వచ్చేరోజు చిన్నమ్మ గోంగూర పచ్చడి సీసా నా సంచిలో పెట్టింది, మూతకు కొత్త గుడ్డ కట్టి, గుడ్డ కొసలు మాత్రమే పట్టుకుని.

ఆ పచ్చడి తిన్నాను. అదొక్కటి చెప్పుకోగలను.

చిన్నాయన పోయి ఆరేళ్లయింది. ఆయన వెనకే ఏడాది తిరక్కుండా చిన్నమ్మ. మా వాళ్లలో ఆడమనిషి పోతే ఆడవాళ్లే లోపల స్నానం చేయిస్తారు. నేను లోపలికి పోయాను. చేయించే పెద్దామె మా అందరికీ చేతికి చుట్టుకోవడానికి తెల్ల గుడ్డలిచ్చింది. పక్కకు ఒత్తిగిల్లబెట్టి వీపు మీద నీళ్లు పోసేటప్పుడు నేను ఆ గుడ్డ విప్పేశాను. పెద్దామె చూసి నీళ్ల చెంబు నా చేతికిచ్చింది. చిన్నాయన పోయాక ఆ వీపుకు అన్ని నెలలూ ఎవరి చెయ్యీ తగల్లేదని చూస్తేనే తెలిసిపోయింది. నీళ్లతో నెమ్మదిగా నానబెట్టాను. ఎండిందేదో పచ్చిదేదో వేలితో చూసుకుంటూ రుద్దాను. ఆ రోజు నాకు అసహ్యం వెయ్యలేదు. ఆమెకు తెలిసే రోజుల్లో వెయ్యకుండా ఉండాల్సింది.

నిన్న రాత్రి రాస్తున్నది ఇక్కడ ఆపి పడుకున్నాను. ఇవాళ వల మనిషి వచ్చి వల కట్టి పోయాడు. "ఇంక రావమ్మా," అన్నాడు. ఏసీ పెట్టె కడిగించాను, ఫినాయిల్ పోయించాను. పావురాలంటే నాకు ఇప్పటికీ అసహ్యమే, ఆ విషయంలో మార్పేమీ లేదు. ఆ జంట ఎదురింటి సన్‌షేడ్ మీద కూర్చుని ఎప్పటి పనే చేసుకుంటోంది. మా ఆయన పోయి రెండేళ్లు. కుడి భుజం పట్టేసి ఆర్నెల్లుగా నా చెయ్యి వీపు మీదికి పోవడం లేదు. రెక్కల మధ్య ఒక చోటు ఉంది, అక్కడ సరిగ్గా సాయంత్రం మూడూ నాలుగింటికి దురద పుడుతుంది. మొన్న మా అమ్మాయి వచ్చినప్పుడు కొంచెం మందు రాసిపొమ్మని అడుగుదామనుకున్నాను. అది పెరుగు గిన్నెలో నా గరిటె చూసి వేరే గరిటె తీసుకుంది. ముక్కు నాదే వచ్చింది దానికి. అడగలేదు. ప్లాస్టిక్ చెయ్యికి అయిదు వేళ్లూ ఉన్నాయి, గోకాల్సిన చోటే గోకుతుంది, మెత్తగానే ఉంటుంది. చెయ్యి చాస్తే అందే దూరంలో మనుషులున్న రోజుల్లో నేను పుల్ల చుట్టుకున్నాను. నాకు చేతులు కావలసి వచ్చేసరికి కాలం మనుషులను తీసుకుపోయి పుల్ల మిగిల్చింది.